తోక ఉన్న జన్యువు

నూకరత్నం చేతి మీంచి తీసిన చర్మం ముక్క కందిగింజ కన్నా చిన్నది. డాక్టర్ సువార్త దాన్ని సీసాలోని గులాబీరంగు ద్రవంలో వేసి మూత బిగిస్తుంటే, అంత చిన్న ముక్కతో ఏం తెలుస్తుందని నూకరత్నం అడిగింది. దీన్నుంచి మీ కంటి కణాల్లాంటివే పెంచుతామని, కన్ను కోయకుండానే లోపల ఏం జరుగుతోందో చూస్తామని సువార్త చెప్పింది.

"చర్మం నుంచి కన్నా?" అంది నూకరత్నం. తర్వాత నవ్వింది. "సరే, ఇంకో ముక్క కావాలన్నా కోసుకోండి మేడమ్. చెయ్యి పెద్దదే కదా."

ఆమె చెయ్యి నిజంగానే పెద్దది. విశాఖపట్నంలో ట్రాఫిక్ హెడ్ కానిస్టేబుల్‌గా ఏళ్ల తరబడి కూడళ్లలో నిలబడి లారీలను ఆపిన చెయ్యి అది. ముప్ఫై దాటాక పక్కనుంచి వచ్చే బండ్లు ఆమెకు కనిపించడం మానేశాయి. ఒకరోజు జగదాంబ కూడలి దగ్గర సిటీబస్సు భుజం రాసుకుంటూ పోయేదాకా అది రావడమే తెలియలేదు. ఆ తర్వాత ఆమెను స్టేషన్లో కూర్చునే పనికి మార్చారు. ఇప్పుడు నలభై అయిదు దాటాయి. లోకం ఆమెకు గొట్టంలోంచి చూసినట్టుగా కనిపిస్తుంది. సూటిగా ఎదురుగా నిలబడితే మనిషిని గుర్తుపడుతుంది, ఒక అడుగు పక్కకు జరిగితే ఆ మనిషి మాయమైపోతాడు. ఆమె తల్లికీ, మేనమామకూ ఇలాగే అయింది. ఇద్దరూ చివరికి పూర్తి చీకట్లోకి వెళ్లిపోయారు.

తన సంగతి ఆమె పెద్దగా పట్టించుకోలేదు. భర్త పోయాక మిగిలింది ఒక్క కూతురు, తన్మయి. రైలింజను నడిపే ఉద్యోగానికి ఎంపికై శిక్షణలో ఉంది. రక్త పరీక్షలో తన్మయికీ అదే జన్యువు వచ్చిందని తేలిన రోజున తల్లీకూతుళ్లు ఇంటికి వెళ్లకుండా బీచ్‌రోడ్డు మీద చాలాసేపు నడిచారట. ఆ తర్వాత వారమే నూకరత్నం గుట్ట మీది ఈ కంటి పరిశోధన సంస్థ గేటు దగ్గరికి వచ్చి, తన శరీరంలోంచి ఏం కావాలన్నా తీసుకోమని చెప్పింది.

ఆ కుటుంబంలో చెడింది ఒకే ఒక జన్యువు. అది తయారుచేసే ప్రొటీన్‌కు ప్రయోగశాలలో ‘గట్టు’ అని పేరు పెట్టుకున్నారు. వెలుతురును పట్టే కణం అంచున అది చెరువు గట్టులా నిలబడి ఆకారం చెదరకుండా చూస్తుంది. ఎవరికైనా ఒక్కో జన్యువుకు రెండు నకళ్లు ఉంటాయి. నూకరత్నానికి తల్లి నుంచి వచ్చిన నకలు చెడ్డది, తండ్రి నుంచి వచ్చింది మంచిది. మంచిది ఒకటి ఉండగా కణాలు ఎందుకు చస్తున్నాయో ఎవరికీ అంతుపట్టలేదు. బయటి నుంచి మంచి జన్యువును ఇంకొంత ఎక్కించి చూసిన పరిశోధకులు వేరే దేశాల్లో ఉన్నారు. ప్రయోజనం లేకపోయింది.

సువార్త ముందుగా తెలుసుకోవాలనుకున్నది చిన్న విషయం: ఈ గట్టు ప్రొటీన్ కణంలో పుట్టాక ఎక్కడికి పోతోంది? దానికోసం లెంటివైరస్ రేణువులు తయారుచేసింది. కణంలోకి దూరి, తన సరుకును ఆ కణపు జన్యువుల మధ్య కుట్టేయడం ఆ వైరస్‌కు పుట్టుకతో వచ్చిన విద్య. ఆ విద్యను ఉంచి, జబ్బు చేసే భాగాలన్నిటినీ తీసేసి, ఖాళీ అయిన చోట మనిషి జన్యువును పెడతారు. సువార్త మంచి గట్టు జన్యువును పెట్టి, దాని చివర జెల్లీఫిష్ నుంచి వచ్చిన మరో చిన్న జన్యువును అతికించింది. అప్పుడు పుట్టే ప్రొటీన్‌కు ఒక తోక ఉంటుంది. నీలం కాంతి పడితే ఆ తోక ఆకుపచ్చగా మెరుస్తుంది. ప్రొటీన్ ఎక్కడికి పోయినా తోక పట్టిచ్చేస్తుంది.

చర్మం ముక్క కంటి కణాలుగా మారి ఎదగడానికి నెలలు పట్టింది. ఎదిగాక వాటిలోకి రేణువులను వదిలింది. కొన్నాళ్లకు సూక్ష్మదర్శిని కింద పెట్టి చూస్తే, ప్రతి కణం అంచునా సన్నటి ఆకుపచ్చ గీత. గట్టు ఉండవలసిన చోటే ఉంది. సువార్త ఫొటోలు తీసుకుని సంతృప్తిగా పక్కన పెట్టింది. ఆమె తెలుసుకోవాలనుకున్నది తెలిసింది.

తెలియనిది తర్వాత బయటపడింది. నూకరత్నం కణాలు మామూలుగా పళ్లెంలో కొన్ని వారాలకే ముడుచుకుని రాలిపోతాయి. ఈ పళ్లెంలో ఉన్నవి రాలలేదు. నెల తిరిగినా నిటారుగా ఉన్నాయి. సువార్త ఆ పళ్లేన్ని రెండు చేతులతో పట్టుకుని ప్రొఫెసర్ వాసుదేవమూర్తి గదికి తీసుకువెళ్లింది. ఆ విభాగానికి ఆయనే పెద్ద. ఎంత మంచి వార్తకైనా ముందు కళ్లద్దాలు తుడుచుకుని, తర్వాత ప్రశ్న వేయడం ఆయన పద్ధతి. పళ్లేలు మారిపోలేదు కదా అని అడిగారు. మళ్లీ చేయమన్నారు. మళ్లీ చేసింది. మళ్లీ బతికాయి.

అప్పుడాయన కళ్లద్దాలు పెట్టుకోవడం కూడా మరిచిపోయి, మందు తయారుచేద్దాం అన్నారు.

మందు అనగానే తోక తీసేయాలి. అందులో ఎవరికీ సందేహం రాలేదు, సువార్తకు కూడా. తోక పరిశోధకుల కంటి కోసం పెట్టుకున్న గుర్తు. దాంతో రోగికి పని లేదు. జెల్లీఫిష్ ప్రొటీన్‌ను మనిషి కంట్లో పెట్టడమంటే ఏ కమిటీ ఒప్పుకుంటుంది? అందుకని తోక లేని శుభ్రమైన జన్యువుతో కొత్త రేణువులు చేశారు. కబురు తెలిసి నూకరత్నం మిఠాయి పొట్లంతో గుట్ట ఎక్కి వచ్చింది.

కొత్త రేణువులు వేసిన కణాలన్నీ చచ్చిపోయాయి.

రేణువులు బలహీనంగా ఉన్నాయేమోనని కొత్తవి చేశారు. అవీ అంతే. కణాలు పెంచే ద్రవాన్ని అనుమానించారు, వేడిని అనుమానించారు, చివరికి మొదటి ఫలితాన్నే అనుమానించారు. ఏడాదిలో చాలా భాగం ఇలాగే పోయింది. వారం వారం జరిగే సమావేశంలో ఈ పని వంతు వచ్చినప్పుడు ప్రొఫెసర్ గొంతు తగ్గిపోయేది. సువార్త ఇంట్లో తల్లి ఆమెను ఏమమ్మా చిక్కిపోతున్నావని అడుగుతూ ఉండేది. ఆమె తల్లి బాపట్లలో నర్సుగా చేసి రిటైరైన మనిషి. రోగి బంధువులకు చెడ్డ కబురు చెప్పడం ఆమెకు తెలుసు. కూతురికి అది ఇంకా అలవాటు కాలేదు.

ఆ రోజుల్లోనే తన్మయి ఒంటరిగా వచ్చింది. తల్లికి చెప్పొద్దని ముందుగానే మాట తీసుకుంది. శిక్షణలో ఇంజనులో కూర్చున్నప్పుడు ఎడమవైపు నుంచి వచ్చే సిగ్నల్ స్తంభాలు ఆలస్యంగా కనిపిస్తున్నాయని చెప్పింది. పక్కనున్న సీనియర్ కన్నా తను ప్రతిసారీ క్షణం వెనకబడుతోంది. వచ్చే కంటి పరీక్షలో దొరికిపోతాననే భయం ఆ పిల్లకు లేదు.

"నా వెనక పదిహేను వందల మంది కూర్చుంటారు మేడమ్," అంది. "పరీక్ష దాకా ఎందుకు, నేనే ముందుగా దిగిపోతాను. కానీ దిగేముందు మిమ్మల్ని ఒక మాట అడుగుదామని వచ్చాను. ఆశ ఉందా, లేదా?"

సువార్తకు అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. తెలియదని చెప్పింది. తన్మయి తల ఊపి, థాంక్స్ చెప్పి వెళ్లింది. మర్నాడే తన కళ్ల విషయం పై అధికారులకు చెప్పేసి ఇంజను దిగిపోయింది. వాళ్లు ఆమెను స్టేషన్లో వేరే పనికి వేసుకున్నారు. అలా ఆ సంగతి నూకరత్నానికి తెలియనే తెలిసింది.

తన్మయి వెళ్లాక సువార్తకు పని మీద మనసు నిలవలేదు. పాత పళ్లేలకు ద్రవం మార్చే పని ఒకటి ఉంటే అందులో పడింది. వాటిలో మొట్టమొదటి ఆకుపచ్చ కణాల పళ్లెం కూడా ఉంది. పారేయడానికి చేతులు రాక ఏడాదిగా దాన్ని సాకుతూనే ఉంది. సూక్ష్మదర్శిని కింద పెట్టింది. కణాలు అలాగే ఉన్నాయి. పక్కన నిరుడు తయారుచేసిన శుభ్రమైన మందు పడి చచ్చిన పళ్లెం. అదే నూకరత్నం, అదే జన్యువు, అవే రేణువులు. రెంటికీ ఉన్న తేడా ఒక్కటే. ఇన్నాళ్లూ దాన్ని తేడా కింద ఎవరూ లెక్కేయలేదు.

ఆమె ప్రొఫెసర్ గదికి పరిగెత్తలేదు. ముందు తనను తాను నమ్మించుకోవాలనుకుంది. వెలుగు ఆరిపోయిన తోకను అతికించి చూసింది: కణాలు బతికాయి. అంటే కాపాడుతున్నది వెలుగు కాదు. అదే తోకను జన్యువు చివర కాకుండా మొదట్లో అతికించింది: కణాలు చచ్చాయి. దాంతో గుట్టు వీడింది. గట్టు ప్రొటీన్లు జంటలుగా నడుస్తాయి. మంచిది చెడ్డదానితో జతకడుతుంది. కణంలో చెత్తను ఏరిపారేసే యంత్రాంగం ఒకటి ఉంది. అది చెడ్డదాన్ని చూసి జంట మొత్తాన్నీ కొస పట్టుకుని ఈడ్చుకుపోతోంది. మంచిదాన్ని ఎంత పోసినా అంతా అలాగే చెత్తలోకి పోతుంది. కొసకు తోక అడ్డం ఉంటే యంత్రాంగానికి పట్టు దొరకదు. జంట జారిపోయి అంచుకు చేరుకుంటుంది. చెడ్డది సైతం మంచిదాన్ని ఆనుకుని గట్టులా నిలబడుతుంది.

ఇదంతా విని వాసుదేవమూర్తి కళ్లద్దాలు తుడుచుకున్నారు. ఈసారి ప్రశ్న వేయలేదు. "మనం ఏడాదిపాటు మందు తీసేసి సీసా ఇచ్చాం అన్నమాట," అన్నారు. ఆ తర్వాత లేచి నిలబడి, తన వయసులో సగం ఉన్న సువార్తకు నమస్కారం పెట్టారు.

వెలగని తోక కన్నా వెలిగే తోకే మంచిదని ఆయనే తేల్చారు. కంటి డాక్టరు నీలం దీపం వేసి చూస్తే, ప్రొటీన్ ఉన్నదీ లేనిదీ బయటినుంచే తెలుస్తుంది. ఎలుకల్లో, ఆ తర్వాత కోతుల్లో చూశారు. అక్కడ బాగానే ఉంది. అనుమతి ఇచ్చే కమిటీ మాత్రం ఒక షరతు పెట్టింది. ఇంతకుముందు ఏ మనిషి కంట్లోనూ ఈ తోక లేదు. ఒళ్లు దాని మీద తిరగబడితే ఉన్న చూపు కూడా పోవచ్చు. అందుకని మొదట, చూపు చాలావరకు పోయిన పెద్దవాళ్లలో ఒకరికి, ఒకే కంటికి ఇచ్చి చూడాలి. ఆ తర్వాతే తన్మయి లాంటి వాళ్లకు.

సువార్త నూకరత్నం ఇంటికి స్వయంగా వెళ్లింది. అల్లిపురంలో రెండు గదుల వాటా. తల్లీకూతుళ్లిద్దరినీ ఎదురుగా కూర్చోబెట్టుకుని ఏదీ దాచకుండా చెప్పింది. చచ్చిన కణాలు తిరిగి లేవవు కాబట్టి కొత్త చూపు రాదు. కన్ను వాచవచ్చు. మిగిలిన ఆ కాస్త గొట్టం కూడా మూసుకుపోవచ్చు. వద్దంటే ఎవరూ తప్పు పట్టరు.

వద్దనే తన్మయి అంది. ఆ కాస్త చూపుతోనే అమ్మ వంట చేసుకుంటోందని, తన మొహం చూస్తోందని, అది పోతే తనను తాను క్షమించుకోలేనని అంది. నూకరత్నం కూతురి గొంతు వచ్చిన వైపు తిరిగి, సరిగ్గా ఆమె మొహం గొట్టంలోకి వచ్చేదాకా తల కదిపి, ఆపింది.

"నేను రోడ్డు మీద నిలబడిన ఉద్యోగం చేశాను తల్లీ. ఎవరో ఒకరు ముందు నిలబడితేనే వెనకాలోళ్లు దాటుతారు. ఇది నీకోసం అని బరువు పెట్టుకోకు. నాకు నిలబడ్డం వచ్చు, అంతే."

ఏ కన్ను అని సువార్త అడిగింది. రెండూ ఒకేలా ఉన్నాయని, కుడిదే కానివ్వమని నూకరత్నం చెప్పింది.

సూదితో కంటి వెనక పొర కింద ఒక చుక్క వదిలారు. ఆ చుక్కలో కోట్ల రేణువులు ఉన్నాయి. మూడో వారంలో కన్ను ఎర్రబడి వాచింది, నొప్పికి ఆమె రెండు రోజులు కంటి మీద తడిగుడ్డ వేసుకుని కూర్చుంది. సువార్త ఆ రెండు రోజులూ ఆస్పత్రిలోనే ఉండిపోయింది. వాపు తగ్గించే మందు పనిచేసింది. కన్ను తేటబడింది. చూపు పెరగలేదు, తరగలేదు. మొదటి ప్రశ్నకు జవాబు దొరికింది: ఒళ్లు తోకను భరించింది.

రెండో ప్రశ్నకు కాలం తప్ప ఎవరూ జవాబు చెప్పలేరు. ఆ జబ్బు మెల్లగా నడిచేది. మందు ఆపుతోందో, జబ్బే తీరిగ్గా ఉందో ఎలా తెలుస్తుంది? ఏడాది గడిచింది, పైన ఇంకో వేసవి కూడా గడిచింది. తన్మయి చూపు అంచులు ఇంకాస్త అరిగాయి. కమిటీ ఇంకా ఆగమంటూనే ఉంది.

వానలు మొదలైన ఒక ఉదయం నూకరత్నం కూతురి భుజం పట్టుకుని గుట్ట మీదికి వచ్చింది. సువార్త గదిలో కూర్చుని, కొన్నాళ్లుగా ఎడమ కన్ను మసకబారుతోందని, మొన్నటితో అది పూర్తిగా పోయిందని చెప్పింది. కిటికీ ఎటుందో కూడా ఆ కంటికి తెలియడం లేదట. తన్మయి గోడ వైపు మొహం తిప్పుకుంది.  సువార్త ఓదార్పు మాటలు వెతుక్కుంటుంటే, నూకరత్నం నవ్వుతోందని ఆలస్యంగా గమనించింది.

"మేడమ్, మీరు కూడా ఏడిస్తే ఎలాగ? ఎడమది పోయింది. కుడిది పోలేదు. మీ గోడ మీద గడియారం, అదిగో, పది దాటింది. మందు వేసిన రోజున ఎంత కనపడిందో ఇప్పుడూ అంతే కనపడుతోంది. పక్కపక్కనే ఉన్న కళ్లు, ఒకే తల్లి ఇచ్చిన జబ్బు. ఏటి తేడా?"

సువార్త కుర్చీలోంచి లేచింది. నూకరత్నాన్ని పరికరం ముందు కూర్చోబెట్టి, నీలం దీపం వేసింది. ఎడమ కన్ను అంతా నల్లగా, చదునుగా ఉంది. కుడి కంటి లోపల, నడిమధ్యలో, చిన్న ద్వీపంలా ఆకుపచ్చటి వెలుగు. మందు వేసిన నెలలో తీసిన ఫొటో పక్కన పెట్టుకుని అంచులు పోల్చింది. ద్వీపం ఎక్కడా కోసుకుపోలేదు. సువార్త పక్కకు జరిగి తన్మయిని చూడమంది. తన్మయి కన్ను ఆనించి చూస్తూ ఉండిపోయింది.

"ఏటి కనపడతంది?" అని తల్లి అడిగింది.

"వరి మడిలా ఉందమ్మా," అంది తన్మయి.  "నిండుగా ఉంది."

ఆ ఫొటోలు కమిటీ ముందు పెట్టింది వాసుదేవమూర్తి. ఒకే మనిషి, ఒకే జబ్బు, మందు పడిన కన్ను, పడని కన్ను. ఇంతకన్నా మంచి సాక్ష్యం తన నలభై ఏళ్ల పనిలో చూడలేదని ఆయన అన్నారట. చర్చ పెద్దగా జరగలేదు. ఆ నెలలోనే తన్మయి రెండు కళ్లలోనూ చెరో చుక్క వేశారు. ఎరుపు వచ్చింది, తగ్గింది. ఆరు నెలలకు ఒకసారి, ఆ తర్వాత ఏడాదికి ఒకసారి చూస్తూ వచ్చారు. కణాలు చచ్చిన చోట అంచులు తిరిగి రాలేదు. మిగిలింది వెంట్రుకవాసి కూడా తగ్గలేదు. పైగా చావుకు దగ్గరపడి నీరసించిన కణాలు కొన్ని తేరుకుని, పోయిందనుకున్న దానిలో కొంత తిరిగి వచ్చింది. దాన్ని ఎవరూ ఊహించలేదు. రెండేళ్లకు ఆమె వైద్య పరీక్షలో నెగ్గి ఇంజను ఎక్కింది. మొదటి రోజు బండి అరకు వైపు గూడ్సు. ఆ రోజు సొరంగాలన్నీ దాటాక సువార్తకు ఫోన్ చేసి, రెండువైపులా కొండలు కనిపిస్తున్నాయని మాత్రం చెప్పి పెట్టేసింది.

కబురు పాకి ఎక్కడెక్కడినుంచో కుటుంబాలు వచ్చాయి. కోరాపుట్ నుంచి, కర్నూలు నుంచి, ఢాకా నుంచి కూడా. ఆ తోకను చెవుల జబ్బుకూ, కండరాల జబ్బుకూ వాడవచ్చేమోనని వేరే ప్రయోగశాలలు పనిలోకి దిగాయి. సువార్తకు ఊపిరి తీసుకునే తీరిక లేకపోయింది. ఉద్యోగం నుంచి ముందుగానే రిటైరైన నూకరత్నం వారంలో రెండు రోజులు గుట్ట ఎక్కి వచ్చి వరండాలో కూర్చుంటుంది. ఎవరూ రమ్మనలేదు. సూది అంటే జడిసేవాళ్ల పక్కకు వెళ్లి కబుర్లు చెబుతుంది, టీ తాగిస్తుంది, ఎర్రబడితే ఏం చేయాలో చెబుతుంది.

ఒకసారి పాడేరు వైపు నుంచి వచ్చిన ఒకావిడ, పదిహేడేళ్ల కూతురికి చుక్క వేయించడానికి తెచ్చి, భయపడి వెనక్కి వెళ్లిపోతానంది. నూకరత్నం ఆమెను కూర్చోబెట్టి జరిగిందంతా చెప్పింది. ఆవిడ విని, నూకరత్నం ఎడమ కంటి వైపు చూసి, అందరికీ మేలు జరిగింది గానీ మీ కన్ను అలా పోయిందని మీకు బాధ లేదా అని మెల్లగా అడిగింది.

"బాధ ఎందుకమ్మా," అంది నూకరత్నం. "మిగతా కళ్లన్నీ నిలబడతాయని సాక్ష్యం చెప్పింది ఆ కన్నే కదా."

 ఆవిడ లేచి, కూతురి చెయ్యి పట్టుకుని లోపలికి నడిచింది.